బొరియలు రాళ్లగుట, వానిలో నిలిచిన జంతువులు



వేరుసెనగ పెరికి కుప్ప వేసిన పిదప హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతముల చేలలో ఎలుక కలుగులను త్రవ్వి కాయలేరుకొనువారిని మీరందరు చూచియే యుందురు. ఆ పని చేసినవానికి కలుగు కట్టడి యెట్టిదో వేరొకరు చెప్పనక్కరలేదు. మూతివద్ద తోడిపోసిన మట్టికుప్ప యుండును. లోపలికి పోయినకొలది త్రోవ వంకలు తిరుగును. ఒక ప్రక్క కాయలు దాచిన కొట్టు, మరియొక ప్రక్క గడ్డిపరకలు మెత్తగా పరచిన పడక, ఆపద వచ్చినప్పుడు పారిపోవుటకు పలుచని మట్టితో మూసిన దొడ్డిదారి, ఇవన్నియు నుండును. ఎలుకను కంట చూడకపోయినను, కలుగునుబట్టి అది ఎట్టి సంసారము చేసినదో త్రవ్వినవాడు చెప్పగలడు.

ఆ యెలుక చచ్చిన తరువాత ఆ కలుగేమగును? సాధారణముగా ఏమియు కాదు. వానకు మూతి కూలును, పశువులు త్రొక్కును, నాగటిచాలు దాని నడుమగా పోవును. రెండు మూడేండ్లలో ఆనవాలైనను మిగులదు. వేయి కలుగులలో తొమ్మిదివందల తొంబదితొమ్మిదింటి గతి యిదియే. కాని మిగిలిన యా యొక్కటి లక్షల యేండ్లు, ఒక్కొక్కప్పుడు కోట్ల యేండ్లు నిలిచి, రాయియై, తన కడుపులో తన యజమాని యెముకలను దాచుకొని, నేటి మనుష్యుని చేతికి చిక్కును. అట్టి రాతిబొరియలను గూర్చియు, వానిలో దొరకిన జంతువులను గూర్చియు, ఆ విషయముతో మన గ్రామములకు గల సంబంధమును గూర్చియు ఈ పూట నాలుగు మాటలు మనవి చేయుదును.

ముందుగా బొరియ రాయి యెట్లగునో చూతము. ఏటి యొడ్డున నున్న ఒక బొరియలోనికి వరదనీరు సన్నని ఒండ్రును తెచ్చి ఒక్క రాత్రిలో గొంతుదాక నింపినదనుకొనుడు. పైని మరికొంత ఒండ్రు పేరుకొనును. మరుసటి యేడు మరియొక పొర. ఇట్లు బొరియ లోతున పడిపోవును. మన కంచరివారు మైనముతో ప్రతిమను చేసి, దానిపై మట్టి మెత్తి, మైనమును కరగించి తీసి, ఆ బోలులో కరగిన కంచును పోయుదురు గదా. ఇచ్చట బొరియయే మూస, ఒండ్రే కంచు. ఇక దానిని గట్టిపరచునది నీరు. మన నేలలలో బావి త్రవ్వునప్పుడు తెల్లని సున్నపుగడ్డలు తగులుట మీరెరుగుదురు. భూమిలో మెల్లగా దిగు నీరు సున్నమును మోసికొనిపోయి మట్టికణములను ఒకదానితో నొకటి బిగించుటచేతనే యవి యేర్పడును. ఆ విధముగనే బొరియలో నిండిన ఒండ్రును రాయిగా బిగియును. చుట్టునున్న మట్టి యెరుపై, నిండిన ఒండ్రు బూడిదవన్నెయైనచో, కోట్ల యేండ్ల తరువాత ఏరు గట్టును కోసినప్పుడు ఆ రెంటికి నడుమ గల భేదము కంటికి స్పష్టముగా కనబడును.

బొరియలోపల ప్రాణి యుండి చచ్చినచో దాని గతి బయట చచ్చినదాని గతి వంటిది కాదు. బయలున పడిన కళేబరమునకు నక్క, కుక్క, కాకి, రాబందు, ఎండ, వాన యన్నియు శత్రువులే. నాలుగు దినములలో తలయొక చోటను, తొడయొక చోటను పడిపోవును. బొరియలో మూతబడినదానికి ఆ బాధ లేదు. అది ముడుచుకొని పండుకొన్నది పండుకొన్నట్లే, వెన్నెముకలోని పూసలు వరుస తప్పక, వ్రేలి యెముకలు విడిపోక నిలుచును. పైగా ఎముక ఒంటిగా చెప్పలేని సంగతిని బొరియ చెప్పును. ఎముక శరీరమెట్టిదో చెప్పును, బొరియ నడవడి యెట్టిదో చెప్పును. ఆ ప్రాణి ఒంటిగా నుండెనా, జంటగా నుండెనా, పిల్లలను పెంచెనా, ఎండకు దాగెనా, చలికి దాగెనా అను ప్రశ్నలకు ఉత్తరము అచ్చటనే దొరకును.

అయినను బొరియలో దొరకిన ప్రతి యెముకయు ఇంటి యజమానిది కాదు. ఒకరి కలుగులో మరియొకరు చేరుట మనకు క్రొత్తగాదు. చీమలు పెట్టిన పుట్ట పామునకిరవగునను సామెత మన పిల్లలకును తెలియును. కావున పరిశోధకుడు మూడు విధములుగా విచారింపవలెను. ఆ యెముకలు బొరియ త్రవ్వినదానివా? ఆశ్రయమునకు వచ్చిన యతిథివా? లేక తినుటకు తెచ్చిన యాహారము యొక్క యెంగిలియా? త్రోవ వెడల్పు ఆ శరీరమునకు సరిపోవునా, గోడపై గోటి గీతలో పంటి గీతలో యున్నవా, అవి ఆ జంతువు గోళ్లకు పళ్లకు సరిపోవునా, ఎముకలపై కొరికిన గాట్లున్నవా, దేహము నిండుగా నున్నదా ముక్కలై యున్నదా, ఇవియే సాక్ష్యములు. గ్రామములో తగవు తీర్చు పెద్దలు సాక్షుల మాటలను ఒకదానితో నొకటి సరిచూచినట్లే ఇదియును.

ఈ విచారణ ఎంత చిక్కైనదో తెలుపుటకు అమెరికా దేశపు కథ యొకటి కలదు. నెబ్రాస్కా రాష్ట్రమున నేలనుండి బయల్పడిన వింతరాళ్లు కొన్ని నిలువుగా, మరచుట్టువలె మెలికలు తిరిగి, నిలువెత్తు మనిషిని మించి యుండెడివి. అచ్చటి పశువుల కాపరులు వానిని దయ్యపు మరచుట్టలనిరి. బార్బరు అను పండితుడు 1891లో వానిని పరీక్షింపనారంభించి, మొదట నీటిలో పెరుగు స్పంజికలనియు, పిదప ఏదో పెద్ద మొక్క వేళ్లనియు తలచెను. రాయిని పలుచగా కోసి చూడగా మొక్కల కణములు కనబడుటచే ఆ యూహ బలపడెను. 1893లో ఆస్ట్రియా పండితుడు ఫుక్సు, అమెరికా పండితుడు కోపు ఇవి కొరుకుడు జంతువుల బొరియలని వాదించిరి. పీటర్సన్ అను నతడు వానిలో దొరకిన జంతువుల యెముకలను 1905లో వర్ణించెను. అవి నేడు నీటియొడ్డుల బ్రతుకు బీవరు అను జంతువునకు చుట్టములు, కాని మెట్టనేలలో కాపురముండినవి, పరిమాణమున చిన్నవి. 1977లో మార్టిన్, బెన్నెట్ అను నిరువురు గోడలపై గీతలను కొలిచి, అవి ఆ జంతువు ముందుపళ్ల వెడల్పునకు సరిపోవునని చూపిరి. మరి మొక్కల కణములెక్కడివి? నిండిన ఒండ్రులో తేమ నిలుచుటచే చెట్లవేళ్లు దానిని వెదకికొని బొరియవెంట ప్రాకినవి. అంతే. రెండు కోట్ల యేండ్లనాటి ఆ ఇండ్లపై తగవు తీరుటకు ఎనుబదియైదేండ్లు పట్టినది.

అంతకంటె బహుప్రాచీనమైన బొరియలు దక్షిణాఫ్రికాలో కలవు. 1987లో రోజరు స్మిత్ అను శాస్త్రజ్ఞుడు కరూ మైదానపు రాళ్లలో మెలికలు తిరిగి దిగిన బొరియలను వర్ణించెను. వాని యడుగున డీక్టోడాన్ అను జంతువులు ముడుచుకొని పండుకొన్నట్లే రాళ్లయి యుండెను. కొన్నింటిలో రెండేసి యుండెను. తాబేటి ముక్కువంటి ముక్కు, పొట్టికాళ్లు, పొడుగాటి నడుము గల యీ చిన్నప్రాణి రాక్షసిబల్లులు పుట్టుటకు ముందే, సుమారు 25 కోట్ల 50 లక్షల యేండ్లనాడు, ఎండలు మండు దేశములో నేలలో ఇల్లు కట్టి బ్రదికినది.

ఆ దేశముననే 1975లో దొరకిన మరియొక బొరియ అచ్చును చాలకాలము పగులగొట్టక యుంచిరి. తరువాత ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమందలి సింక్రోట్రాన్ యంత్రశాలలో తీక్ష్ణమైన ఎక్స్-కిరణములను దానిగుండ పంపి, రాయిని ముట్టుకొనకయే లోపల నున్నదానిని చిత్రించిరి. 2013లో ఫలితమును ప్రకటించిరి. లోపల ఒకటి కాదు, రెండు ప్రాణులు ప్రక్కప్రక్కన నుండెను. ఒకటి త్రినాక్సోడాన్, బొరియలలో కాపురముండు జంతువు. రెండవది కప్పల పెద్దయ్యవంటి నీటిప్రాణి, బ్రూమిస్టెగా. దాని ప్రక్కటెముకలు కొన్ని విరిగి మరల అతుకుకొనుచున్నవి. ఒకదానినొకటి కరచినట్లు గురుతులు లేవు. గాయపడిన నీటిప్రాణి నీడ వెదకికొని ఆ బొరియలో దూరెననియు, యజమాని గాఢనిద్రలో నుండుటచే దానిని తరుమలేదనియు, అంతలో వరద వచ్చి ఇద్దరిని ఒక్కచోటనే సమాధి చేసెననియు ఆ పరిశోధకులు నిర్ణయించిరి. 25 కోట్ల యేండ్లనాటి యీ సంగతి, ఆ రాయిని తొందరపడి సుత్తితో పగులగొట్టియుండినచో మనకు దక్కియుండదు.

రాక్షసిబల్లులలోను బొరియ త్రవ్వినవి కలవని 2007లో తెలిసినది. అమెరికాలోని మాంటానా రాష్ట్రమున సుమారు 9 కోట్ల 50 లక్షల యేండ్లనాటి బొరియలో ఒక పెద్దదియు, రెండు పిల్లలును కలిసి దొరకినవి. బొరియ సుమారు ఏడడుగుల పొడవు, త్రోవ వెడల్పు ఆ పెద్దదాని యొడలికి సరిపోవునంత. దానికి ఓరిక్టోడ్రోమియస్ అని పేరిడిరి. త్రవ్వుచు పరుగెత్తునదని ఆ పేరునకర్థము. రాక్షసిబల్లి యనగానే కొండంత శరీరము గుర్తునకు వచ్చు మనకు, ఇది పిల్లలను బొరియలో పెట్టుకొని సాకిన తల్లియో తండ్రియో యని తెలియుట వింతగా నుండక మానదు.

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ప్రాణహిత గోదావరుల లోయ ప్రాచీనజంతువుల యెముకలకు ప్రసిద్ధమైనది. అచ్చట గోలేటి సమీపమున సుమారు 25 కోట్ల యేండ్లకు పైబడిన రాళ్లలో దొరకిన జంతువులను గూర్చి కుట్టి అను శాస్త్రజ్ఞుడు 1972లో ప్రకటించెను. వానిలో సిస్టెసెఫలస్ అనునది యొకటి. ఇది ఇందాక చెప్పిన డీక్టోడాన్‌కు జ్ఞాతి. ఆఫ్రికాలో దొరకిన దీని యెముకలను పరీక్షించినవారు దీని ముంజేతి పైయెముక పొట్టిగా, మిక్కిలి వెడల్పుగా, బలమైన కండరములు పట్టుటకు తగిన గట్లతో నున్నదనియు, ఇది నేలను త్రవ్వుకొని బ్రదికిన ప్రాణియనియు చెప్పిరి. ఒకే చిన్నజంతువు సముద్రమునకు ఆవలనున్న ఆఫ్రికాలోను, మన గోదావరి లోయలోను ఎట్లుండెనని మీరడుగవచ్చును. అది యీదుకొని వచ్చినది కాదు. నాడు నడుమ సముద్రమే లేదు. భారతదేశము, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, దక్షిణధ్రువపు భూమి కలిసి ఒక్క ఖండమై యుండెను. మన గోండుల దేశపు పేరే దానికి పెట్టి, శాస్త్రజ్ఞులు గోండ్వానా యని పిలుతురు.

ఆ జిల్లాలోనే మాలేరి యను గ్రామమున్నది. నాగపురమున నుండిన స్టీఫెన్ హిస్లాప్ అను పాదరి 1850ల దశకమున అచ్చటినుండి సేకరించిన శిలలలో సెరటోడస్ అను చేప పళ్లు దొరకెను. భారత భూగర్భ పరిశోధన శాఖకు అధిపతిగా నుండిన ఓల్డుహాము వానిని 1859లో వర్ణించెను. అప్పటికి ఆ జాతి చేప లోకమున అంతరించెననియే పండితులు నమ్మియుండిరి. 1870లో ఆస్ట్రేలియాలో దాని దగ్గరి చుట్టము ప్రాణముతో నున్నదని తెలియగా అందరు నివ్వెరపోయిరి. ఈ చేపలకు ఊపిరితిత్తి యుండును. వీనికి బంధువైన ఆఫ్రికా చేప చెరువెండినప్పుడు బురదలో బొరియ చేసికొని, తన యొంటి జిగురుతో గూడు కట్టుకొని, వాన వచ్చువరకు నిద్రించును. అమెరికాలో 25 కోట్ల యేండ్లకు పూర్వపు బొరియలలో అట్లే నిద్రించుచు చచ్చిన చేపలు దొరకినవని రోమరు, ఓల్సను అను పండితులు 1954లో తెలిపిరి. కాని ఆస్ట్రేలియా చేప బొరియ చేయదు. కావున మాలేరి పళ్లను చూచి మాలేరి చేప బురదలో నిద్రించెనని చెప్పుటకు వీలులేదు. చూచితిరా, పళ్లున్నను బొరియ లేకపోవుటచే నడవడి తెలియలేదు. ఎముక విలువ అది యున్న చోటినిబట్టి పెరుగుననుటకు ఇది మంచి నిదర్శనము.

మన రాయలసీమకు మరింత చేరువైన నిధి కర్నూలు మండలపు గుహలు. నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల సమీపమున సున్నపురాతిలో నీరు తొలిచిన బిల్లసుర్గము గుహలున్నవి. గుహ యనగా ప్రకృతి త్రవ్విన పెద్దబొరియయే గదా. 1844లోనే న్యూబోల్డు అను సైనికోద్యోగి వీనిని గూర్చి వ్రాసెను. చెన్నపట్టణపు గవర్నరు గ్రాంటు డఫ్‌నకు ఇంగ్లండు పండితుడు హక్స్‌లీ సలహా నీయగా, రాబర్టు బ్రూస్ ఫుట్ 1883 మొదలు 1885 వరకు అచ్చట త్రవ్వకములు జరిపించెను. ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ దగ్గర నుండి పని చూచెను. ఒక గుహలో ఎముకలు విస్తారముగా దొరకుటచే దానికి ఎముకలకొట్టు అని అర్థము వచ్చు ఇంగ్లీషు పేరు పెట్టిరి. వానిని లిడెక్కరు అను పండితుడు పరీక్షించి 1886లో గ్రంథస్థము చేసెను. వానిలో ఖడ్గమృగము కలదు. నేడు ఎక్కడను లేని పెద్ద యేదుపంది జాతియు కలదు.

ఇన్ని యెముకలు గుహలోనికి ఎట్లు వచ్చినవి? గుహలలో ఎముకలు చేరుటకు దారులు నాలుగు. అచ్చట నివసించినవి అచ్చటనే చచ్చుట యొకటి. దుమ్ములగొండి వేటయెముకలను ఈడ్చుకొని వచ్చుట రెండవది. దుమ్ము లనగా ఎముకలు, వానిని నమలునది గనుకనే మనవారు దానికి ఆ పేరు పెట్టిరి. ఏదుపంది మాంసము తినకపోయినను, పెరుగుచుండు తన పళ్లను అరగదీసికొనుటకు ఎండుటెముకలను బొరియలోనికి చేర్చి కొరుకును. అది మూడవది. గుడ్లగూబ ఎలుకలను మ్రింగి, అరుగని యెముకలను వెండ్రుకలతో ఉండచుట్టి కక్కును. అది నాలుగవది. వాననీరు తెచ్చి వేసినవి వేరు. ప్రతి యెముకపై నున్న గాటును చూచి ఇది ఎవరి పని యని తేల్చుదురు.

ఈ గుహలను ఇటీవల మరల త్రవ్వి, పొరలకు కాలనిర్ణయము చేసి, 2014లో ఒక ముఖ్యమైన సంగతిని ప్రకటించిరి. గత రెండు లక్షల యేండ్లలో చలికాలములు, కరవుకాలములు ఎన్నియో గడచినవి. సుమారు 74 వేల యేండ్లనాడు సుమత్రా ద్వీపమున టోబా అగ్నిపర్వతము ప్రేలి, దాని బూడిద మన దేశముపైనను కురిసినది. బనగానపల్లె సమీపమున జ్వాలాపురములో ఆ బూడిదపొర నేటికిని కనబడును. ఇన్నింటిని దాటి, గుహలలో గుర్తింపబడిన 21 క్షీరజంతు జాతులలో ఒక్కటి తప్ప తక్కినవి ఈ యుపఖండమున వంశము నిలుపుకొన్నవి. ఇది సంతోషకరమైన మాట. కాని దాని వెంట మరియొక ప్రశ్న వచ్చును. రెండు లక్షల యేండ్ల కష్టములను ఓర్చిన జంతువులకు మన కాలము ఓర్పరానిది కాకుండునా? మీ చిన్ననాట గుట్టలలో దుమ్ములగొండి కూత వినినవారెందరు? అలుగును చూచినవారెందరు? మీ మనుమలలో చూచినవారెందరు? ఈ లెక్క మీరే వేసికొనుడు.

ఇక హిందూపురము, పెనుగొండ, ధర్మవరముల మాట. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని యీ ఊళ్ల చుట్టునున్న గుట్టలలో కోట్ల యేండ్లనాటి రాతిబొరియలు దొరకునా? దొరకవు. పెనుగొండ దుర్గమును మోయుచున్న రాయియు, లేపాక్షి శిల్పులు ఉలి పెట్టిన రాయియు సుమారు 250 కోట్ల యేండ్లనాడు భూగర్భమున కరగియుండి చల్లారి గట్టిపడిన జాతికి చెందినవి. నేల త్రవ్వగల ప్రాణి పుట్టినది నిన్న మొన్న. పురుగులు సముద్రపు బురదలో ఒక విధమైన మెలికల బొరియలు చేయ నారంభించిన కాలమును, సుమారు 54 కోట్ల యేండ్లనాటిదానిని, శాస్త్రజ్ఞులు ఒక మహాయుగమునకు సరిహద్దురాయిగా పాతుకొన్నారు. మన గుట్టల వయస్సు దానికి నాలుగింతలకు పైమాటే. తాడిపత్రి వైపు పోయినచో కడప మండలపు ప్రాచీనశిలలలో అట్లపొరలవంటి వలయములు కనబడును. అవి సుమారు 190 కోట్ల యేండ్లనాటి సూక్ష్మజీవుల పొరలు. అవి జీవుల గురుతులే కాని, ఎముకయు బొరియయు వానిలో నుండవు.

అందుచేత మన గుట్టలలో రాతిమీద రంధ్రమో మెలికయో కనబడగానే ఇది ప్రాచీనసర్పపు బొరియ యనుట తగదు. నీరు తొలిచిన గుంట, ఊడిపోయిన ఖనిజపు గూడు, వేరు చుట్టు పట్టిన సున్నము, పాతపుట్ట గొట్టము, ఇవన్నియు బొరియలవలె కనబడును. పండితులకును ఇట్టి చిక్కు తప్పలేదు. మధ్యప్రదేశములోని చోర్హట్ సమీపమున ఇసుకరాతిపై కనబడిన గీతలు నూరు కోట్ల యేండ్లకు పైబడిన పురుగుల త్రోవలని 1998లో కొందరు ప్రకటించిరి. ఆ రాళ్ల వయస్సు సుమారు 160 కోట్ల యేండ్లని తరువాత తేలగా, అంత ప్రాచీనకాలమున త్రవ్వు పురుగులుండెనని నమ్మినవారు తక్కువైరి.

అయినను మన ప్రాంతము వట్టిదని తలచరాదు. గుట్టలు పాతవైనను, వాని నడుమ పేరుకొన్న మట్టి క్రొత్తది. పెన్న, చిత్రావతి గట్ల ఒండ్రు, వంకలు కోసిన సున్నపుగడ్డల మన్ను, గుండ్ల సందులలో చేరిన బూడిదమన్ను, ఇట్టివి వేల యేండ్లనాటి యెముకలను దాచుకొనగల చోట్లు. బావి త్రవ్వించువారు మీరు, చెరువు పూడిక తీయించువారు మీరు, గుహలోని మన్నును ఎరువునకు తోలించువారు మీరు. అట్టి చోట ఎముక బయటపడినప్పుడు దానిని మొదట చూచునది పండితుడు కాదు, మీ గ్రామపు కూలివాడు. ఆ గడియలో పెద్దలు చెప్పు మాటపైననే అది నిలుచుటయో నశించుటయో ఆధారపడియుండును. ఇది వట్టి మాట కాదు. ఇందాక చెప్పిన జ్వాలాపురపు బూడిదనే వ్యాపారమునకై త్రవ్వి తరలించినారు. తరలిపోయిన పొరను మరల పరచుట ఎవరి తరము?

కావున మీకు నా మనవి యిది. ఎముక కనబడగానే పెరుకవలదు. కడుగవలదు, గీకవలదు, రాక్షసుని యెముక యని ముక్కలు పంచుకొనవలదు. పని ఒక్క దినము ఆపుడు. నేలనుండి ఎన్ని యడుగుల లోతున నున్నదో కొలిచి వ్రాసికొనుడు. చుట్టునున్న మన్ను రంగు, ఎముక చుట్టునున్న మన్ను రంగు వేరువేరుగా నున్నవేమో చూడుడు. వేరుగా నున్నచో అది పాతబొరియ కావచ్చును. ఛాయాచిత్రము తీయించుడు, ప్రక్కన కొలత తెలియుటకు ఒక మూరకర్ర యుంచుడు. పైని గోనెపట్ట కప్పి, తహశీల్దారునకు తెలుపుడు. ఆయన ద్వారా హైదరాబాదులోని భారత భూగర్భ సర్వేక్షణ కార్యాలయమునకో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర శాఖకో వార్త పంపవచ్చును. ఇదివరకే పెరికిన యెముకయైనచో, అది వచ్చిన చోటు పేరును, లోతును కాగితముపై వ్రాసి దానితోనే మూటగట్టుడు. చోటు తెలియని యెముక తలిదండ్రుల పేర్లు తెలియని బిడ్డవంటిది. మరియొక మాట. పిల్లలను బొరియలలో చేయి పెట్టనీయకుడు, త్రవ్విన గోడక్రింద నిలువనీయకుడు. వెనుకటి ప్రాణిని వెదకబోయి ఇప్పటి పామునకు చిక్కుట తెలివి కాదు.

కరూ బొరియలో జంటగా పండుకొన్న డీక్టోడాన్, గాయముతో వచ్చి పరుని యింట తలదాచుకొన్న బ్రూమిస్టెగా, మాంటానా బొరియలో పిల్లలను దగ్గర పెట్టుకొన్న రాక్షసిబల్లి, వీనిలో ఏదియు శాసనము వ్రాయించుకొనలేదు. అవి బ్రదికిన తీరు నేడు మనకు తెలియుటకు కారణము రెండే. ఒండ్రు వానిని కప్పినది. కనుగొన్నవారు తొందరపడలేదు. మొదటిది మన చేతిలో లేదు, రెండవది పూర్తిగా మన చేతిలోనే యున్నది. ఈ సంగతిని రచ్చకట్టపై మీవారికి, బావిపనివారికి, బడిపిల్లలకు చెప్పవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.